ఇరవైనాలుగవ వంతు కారు

ఎల్బీనగర్ చౌరస్తా దాటి విజయవాడ రహదారి వెంబడి పోవునప్పుడు, వనస్థలిపురపు ఆటోనగరు పరిసరములలో, గుద్దుకొని సొట్టలు పడిన కారులకు మరల రూపము తెచ్చు షెడ్లు కానవచ్చును. అచ్చటి పనివాడు సొట్ట తీసిన రేకుమీద లప్పము పట్టించి, అది గట్టిపడిన పిమ్మట నీళ్లు చల్లుచు వాటర్ పేపరుతో గంటలకొలది రుద్ది, కన్ను చెప్పినదానిని నమ్మక అరచేతితో తడిమి చూచి, ప్రైమరు కొట్టి, మరల రుద్ది, ఆ మీదట గన్నుతో రంగు పట్టించి, కట్టకడకు రబ్బింగు చేసి, నిన్న నలిగియున్న రేకును నేడు అద్దముగా నిలబెట్టును. దిల్‌సుఖ్‌నగరులో, మెట్రోరైలు వంతెనకు ఎదురుగా నున్న మా మూడవ అంతస్తు గదిలో, నేను సెలవుదినములయందు ఈ పనినే, ఇంచుమించు ఈ వరుసలోనే, జానెడు పొడవైన ఒక ప్లాస్టిక్ కారుకు చేయుచుందును.

వరుస ఒక్కటియే యైనను అందలి శాస్త్రము ఒక్కటి కాదు. కారును ఇరవైనాలుగవ వంతుకు కుదించుట, ఉక్కు అచ్చులు చెక్కు యంత్రమునకు సాధ్యమే. కాని దానిమీద పడు రంగుచుక్కను, ఆ చుక్కను ఆర్చు గాలిని, ఆ గాలిలోని తేమను, తుదకు దానిని చూచు కంటిని అదే పాలున కుదించుట ఎవ్వరికిని సాధ్యము కాదు. ఆకారము చెప్పినట్లు వినును, పదార్థము వినదు. నమూనా కారు కట్టువాని పాట్లును, ఆనందములును చాలవరకు ఈ వ్యత్యాసమునుండి పుట్టినవే.

ఇప్పుడు నా బల్లమీద నున్నది 1970వ సంవత్సరపు షెవ్రొలే షెవెల్ ఎస్ఎస్ 454. అమెరికాలో ఉద్యోగము చేయుచున్న మా మేనల్లుడు దసరాకు వచ్చినప్పుడు, "మామయ్యా, చాక్లెట్లు నీకు పడవు గదా" అని చేతబెట్టిన కిట్టు అది. అమెరికనులు మజిల్ కారు అని పిలుచుకొను ఈ జాతి పుట్టుక సూత్రము మిక్కిలి సరళమైనది: సాధారణ కుటుంబమునకై చేసిన నడిమి తరగతి కారులో, దానికంటె పెద్దకారుకు ఉద్దేశించిన ఇంజనును దింపుట. ఈ పరంపరకు ఆద్యముగా పలువురు చెప్పుకొనునది 1964వ సంవత్సరపు పాంటియాక్ జీటీఓ. నడిమి తరగతి కారులలో పెద్ద ఇంజను పెట్టరాదని జనరల్ మోటార్స్ సంస్థ తనకు తానే నియమము విధించుకొనియుండగా, ఆ సంస్థలోనిదేయైన పాంటియాక్ విభాగమువారు, 389 ఘనపుటంగుళముల, అనగా సుమారు 6.4 లీటర్ల ఇంజనును వేరొక కారుగా గాక, కోరిన కొనుగోలుదారునకు ఇచ్చు అదనపు సామగ్రిగా పట్టికలో చేర్చి ఆ నియమమును దాటిరి. 1970 నాటికి సంస్థ తానే 400 ఘనపుటంగుళముల హద్దును తొలగించుటతో, షెవెల్‌లోనికి 454 ఘనపుటంగుళముల ఇంజను వచ్చెను. లీటర్లలో చెప్పవలెనన్న 7.4, దానిలో తీవ్రమైన రకమునకు సంస్థ ప్రకటించిన బలము 450 అశ్వశక్తులు. మన దేశమున 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800లోని ఇంజను 796 ఘన సెంటీమీటర్లు మాత్రమే. అట్టివి తొమ్మిదింటిని ఒక్కచోట చేర్చినను షెవెల్ ఇంజనుకు ఇంకను కొంత వెలితియే.

ఆ వైభవము పదేండ్లయినను నిలువలేదు. బీమా రుసుములు పెరిగెను, 1970లో వచ్చిన స్వచ్ఛవాయు చట్టము పొగగొట్టములను ప్రశ్నించెను, 1973 నాటి చమురు సంక్షోభము మిగిలిన కోరికను ఆర్పెను. కారులు పోయినను వాని ఆకృతులు మాత్రము పిల్లల పెట్టెలలో భద్రముగా నిలిచెను. కార్ల కంపెనీలు క్రొత్త కారు రూపమును, రంగును చూపుటకై విక్రయశాలలకు చిన్న ప్లాస్టిక్ నమూనాలను పంపెడివి. వానిని పోతపోయుచుండిన ఏఎంటీ అను సంస్థ, 1958లో, ఒకే పెట్టెలోని భాగములతో మూడు రీతులలో కట్టుకొనదగిన కిట్లను బజారులోనికి తెచ్చెను. అవి 1/25 కొలతలోనివి. నా యొద్ద నున్నది 1/24. ఈ అంకె అడుగులు, అంగుళముల లెక్కలోనుండి వచ్చినది: అసలు కారుమీది ఒక అడుగు నమూనాపై అరయంగుళమగును.

ఇచట కొంచెము లెక్క చేయక తప్పదు. చేసినకొలది అది రుచించును కూడ. పొడవు ఇరవైనాలుగు రెట్లు తగ్గినప్పుడు వైశాల్యము 576 రెట్లును, ఘనపరిమాణము 13,824 రెట్లును తగ్గును. సుమారు ఐదు మీటర్ల షెవెల్ ఇరువదియొక్క సెంటీమీటర్లగును. సుమారు 1,750 కిలోగ్రాముల దాని బరువు, అవే పదార్థములతో అంతే నిజముగా కుదింపగలిగినచో, 127 గ్రాములగును. అనగా ఒక మోస్తరు జామకాయ బరువు. ఆ ఘనమైన 7.4 లీటర్ల ఇంజను పరిమాణము అర మిల్లీలీటరునకు దిగును, పది నీటిచుక్కలు. అశ్వములు నాలుగువందల యేబదియు ఆ పది చుక్కలలో ఇమిడియున్నట్లు భావించి చూడుడు!

వైశాల్యముకంటె ఘనపరిమాణము త్వరగా పెరుగును, త్వరగా తరుగును అను ఈ నియమమును గెలీలియో 1638లో ప్రకటించిన తన గ్రంథమున, పెద్ద జంతువుల యెముకలు చిన్న జంతువుల యెముకలకంటె పొడవుకు మించిన లావు కలిగియుండుటకు కారణముగా వివరించెను. బలము అడ్డుకోత వైశాల్యమును బట్టియు, బరువు ఘనపరిమాణమును బట్టియు ఉండుటయే దీని మర్మము. నా బల్ల ఎత్తు 75 సెంటీమీటర్లు. అందుండి జారిన నమూనాకు అద్దమో, బంపరో ఊడును, అంతే. ఆ ఎత్తును ఇరవైనాలుగు రెట్లు చేసినచో పదునెనిమిది మీటర్లు, ఆరంతస్తుల మేడ. అంతటినుండి పడిన అసలు షెవెల్‌ను ఆటోనగరులోని ఏ చేయియు బాగుచేయజాలదు.

కిట్టు పెట్టె తెరచినచో కారు కానరాదు. సన్నని ప్లాస్టిక్ చట్రములకు అంటుకొని నూరుకు పైబడిన ముక్కలు, చెట్టుకొమ్మలకు కాయలవలె, వరుసలుగా నుండును. ఆ చట్రమును స్ప్రూ అందురు. పాలీస్టైరీను అను ప్లాస్టిక్కును సుమారు రెండువందల డిగ్రీల వేడిలో కరగించి, ఉక్కు అచ్చులోనికి గొప్ప ఒత్తిడితో నెట్టినప్పుడు, ఆ ద్రవము ప్రవహించిన కాలువలే చల్లారి చట్రముగా మిగులును. అచ్చు రెండు దళములు కలిసినచోట సన్నని గీత, అచ్చునుండి ముక్కను నెట్టిన కడ్డీ తగిలినచోట గుండ్రని మచ్చ నిలుచును. ఈ గుర్తులను తుడిచివేయుటయే మొదటి పని. ముక్కలను సబ్బునీట కడుగవలెను. అచ్చునుండి సులువుగా ఊడుటకు పూసిన జిడ్డు మిగిలియున్నచో రంగు పట్టదు.

అతికించుటలో నొక విశేషమున్నది. బంక వేసి చెక్కను అతికించినప్పుడు రెండు చెక్కల నడుమ బంక మూడవ పదార్థముగా నుండిపోవును. పాలీస్టైరీనుకు వాడు ద్రవము అట్టిది కాదు. అది ప్లాస్టిక్కును కరగించు ద్రావణి. ఈ ప్లాస్టిక్కు పొడవైన అణుశృంఖలల చిక్కుముడి. రెండు ముక్కలను దగ్గర చేర్చి, సందుమీద కుంచెకొనను తాకించినంతనే, దీపపు వత్తిలోనికి నూనె ఎగబ్రాకినట్లు, కేశనాళికాకర్షణచేత ద్రవము సందు పొడవునను తానే పరుగెత్తును. ఇరుప్రక్కల శృంఖలలు సడలి, ఒండొంటి లోనికి చొచ్చి, పెనవేసికొనును. ద్రావణి ఆవిరియై గాలిలో కలిసిపోవును. మిగులునది అతుకు కాదు, ఒకే ముక్క. సరిగా కట్టిన ఇంజను దిమ్మెను మరల రెండుగా చీల్చబోయినవాడు క్రొత్తచోట విరుగగొట్టును గాని పాతచోట ఊడదీయలేడు.

విజయవాడ పోవు బస్సులు దిల్‌సుఖ్‌నగరులోను, ఎల్బీనగరులోను ఆగి జనమును ఎక్కించుకొనునప్పుడెల్ల నాకు కొండపల్లి తలపునకు వచ్చును. ఈ దారియే కొనసాగి ఇబ్రహీంపట్నము ప్రక్కనున్న ఆ బొమ్మల ఊరి చేరువకు పోవును. అచ్చటివారు తెల్లపొణికి చెక్కను చెక్కి, చేతులు, తలలు వేరువేరుగా మలచి, రంపపుపొట్టును చింతగింజల అంబలిలో కలిపి చేసిన మక్కుతో వానిని అతికి, అదే మక్కుతో సందులు పూడ్చి, నున్నచేసి, సున్నపు పూత వేసి, ఆపైననే రంగులు తీర్చుదురు. షెడ్డులోని లప్పము, కిట్టుకు వాడు పుట్టీ, కొండపల్లి మక్కు ఒకే పనికి మూడు పేరులు. తెల్లని సున్నపుపూత అచ్చమైన ప్రైమరు. రంగు పట్టుటకు ముందు అడుగుపొర ఏకవర్ణమై, ఏకరీతిగా, కొంచెము గరుకుగా నుండవలెనని ఏ రసాయనశాస్త్రగ్రంథమును చదువకయే వారు తరతరములుగా ఎరుగుదురు. ఇంకొక బంధుత్వము మరింత ఆశ్చర్యకరము. నిర్మల్ చిత్రకారులు తమ బొమ్మలకు తళుకుకై వాడుచు వచ్చిన డ్యూకో రంగు పేరు, 1920లలో అమెరికాలోని డూపాంట్ సంస్థ కారులకొరకే తయారుచేసిన నైట్రోసెల్యులోజు లాకరు పేరు. అంతకుముందు కారుకు రంగు వేసి ఆర్చుటకు వారములు పట్టుచుండగా, డ్యూకో దానిని గంటలలోనికి దించెను. డెట్రాయిటు కారును, నిర్మల్ పళ్లెమును మెరిపించిన వంశము ఒక్కటియే అన్నమాట.

రంగు విషయమున నేను కొంత తడవు నిలువదలచితిని. నమూనాను బొమ్మగా మార్చునది గాని, కారుగా మార్చునది గాని అదియే. అసలు కారుమీద అన్ని పొరలును కలిపి రంగు మందము సుమారు 120 మైక్రానులుండును; మైక్రాను మిల్లీమీటరులో వేయవవంతు. దానిని ఇరవైనాలుగుచే భాగించినచో ఐదు మైక్రానులు. అంత పలుచని పొరలో నీలము నీలముగా నిలువదు, అడుగున నున్నది కనబడును. కావున ప్రైమరు, రంగు, పైమెరుగు కలిపి ఎంత పొదుపుగా వేసినను నమూనాపై ఏబది మైక్రానులు కాక తప్పదు. ఇప్పుడు దీనిని వెనుకకు పెంచి చూడుడు: అసలు కారుమీద 1.2 మిల్లీమీటర్ల రంగు పూసినట్లగును! తలుపునకును శరీరమునకును నడుమ నుండు నాలుగు మిల్లీమీటర్ల సందు నమూనాలో 170 మైక్రానుల గీత; దాని రెండు గోడలమీదను ఏబది చొప్పున రంగు చేరినచో మిగులునది డెబ్బదియే. మన తలవెంట్రుక మందమంత. ఇట్లు తలుపులు మూసుకొనిపోవును, పేరు చెక్కిన అక్షరములు మునిగిపోవును, అంచులు మొద్దుబారును. చూచువానికి కారణము తెలియకున్నను, "ఇది బొమ్మ" అని మనస్సు చెప్పివేయును. అందుచేత ఎరిగినవాడు రంగు వేయుటకు ముందే సూదిమొనవంటి పనిముట్టుతో ఆ గీతలను లోతుచేయును. లోపలికి పోవు రంగునకు ముందుగా చోటు విడుచుట యన్నమాట.

నేను ఈ విద్యలో దిగిన తొలియేట, కారు రంగులు అమ్ము ఒక దుకాణమునుండి తెచ్చిన థిన్నరుతో రంగు పలుచన చేసి, ప్రైమరు వేయకయే ఒక బాడీమీద చల్లితిని. అర నిముషములో పైకప్పు మీద సాలెగూడువంటి బీటలు వ్యాపించెను. రేకుకు మేలుచేయు ద్రావణియే ప్లాస్టిక్కును కొరికినది. అతుకులలో నాకు సహాయపడిన గుణమే ఇచట శత్రువైనది. ఆ దినమునుండి పలుచని పొగమంచువంటి పూతలను, ఒకటి ఆరిన పిమ్మట ఒకటిగా, వేయుట నేర్చుకొంటిని.

ఎయిర్‌బ్రష్షు మొనయొద్ద రంధ్రము 0.3 మిల్లీమీటర్లు. దానిచుట్టును గాలి వడిగా పోవునప్పుడు అచ్చట పీడనము తగ్గి, గిన్నెలోని రంగు తానే ముందుకు లాగబడి, గాలిలో తునిగి చుక్కలగును. ఇచట గెలీలియో నియమము తిరిగి వచ్చును. చుక్క చిన్నదైనకొలది దాని ఘనపరిమాణమునకు ఉపరితలము ఎక్కువ. ఆవిరియగుట అంత త్వరితము. హైదరాబాదులో మేనెల ఎండ నలుబది డిగ్రీలు దాటిన మధ్యాహ్నమున, మొననుండి బయలుదేరిన చుక్క పది, పండ్రెండు సెంటీమీటర్ల ప్రయాణములోనే సగము ఆరి, బాడీమీద పడి పరచుకొనలేక గుండ్రముగానే నిలిచిపోవును. ద్రవమునకు తలతన్యత యను గుణముండుటచేత, కొంత కాలము తడిగా నుండనిచ్చినచో, గుంటలు, మెట్టలు తామే చదునగును. ఆ వ్యవధి దొరకనప్పుడు ఉపరితలము సన్నని గుంటలమయమగును. ఆంగ్లేయులు దీనిని నారింజతొక్క యందురు. మా కొత్తపేట పండ్లమార్కెట్టు బాటసింగారమునకు తరలిపోకముందు, అచ్చట నల్లగొండ బత్తాయిల రాశులను దినదినము చూచిన నాకు బత్తాయితొక్క యనుటయే సహజముగా తోచును.

వేసవి ఇట్లుండగా వానకాలము వేరొక విధముగా బాధించును. లాకరులోని ద్రావణి ఆవిరియగునప్పుడు, కుండలోని నీరు చల్లబడినట్లే, ఉపరితలము చల్లబడును. శ్రావణమాసపు తేమగాలిలో ఆ చల్లదనము చాలును. గాలిలోని నీటియావిరి సూక్ష్మబిందువులై ఆరని రంగులోనికి దిగి, నిగనిగలాడవలసిన నీలముమీద బూడిద చల్లినట్టి తెల్లని మసకను మిగిల్చును. నిదానముగా ఆవిరియగు ద్రావణిని కొంచెము కలిపినచో చల్లబడుటయు నిదానించి ఈ దోషము తగ్గును. నేనైతే పైమెరుగు పనిని దీపావళి వెళ్లిన తరువాతి ఉదయములకు దాచుకొందును. ఆ దినములలో గాలి పొడిగను, ఎండ మెత్తగను ఉండి, రంగునకు కావలసినంత తీరిక నిచ్చును.

షెవెల్‌కు నేను ఎన్నుకొన్నది ఆ సంవత్సరమున షెవ్రొలే వారిచ్చిన ఫాదమ్ బ్లూ, లోహపు రజను కలిసిన గాఢనీలము. ఈ రజనులోనే కంటికి సంబంధించిన చిక్కున్నది. నమూనాను ముప్పది సెంటీమీటర్ల దూరమునుండి చూచుట, అసలు కారును ఏడు మీటర్లకు పైబడిన దూరమునుండి చూచుటతో సమానము. అంత దూరమున కారుమీది అల్యూమినియపు రేణువులు విడివిడిగా తోపక, ఒక పట్టువంటి మెరుపుగా కలిసిపోవును. కాని అదే రంగును డబ్బానుండి తెచ్చి నమూనాపై చల్లినచో, ముప్పది మైక్రానుల రేణువు అసలు కారుపై ముప్పాతిక మిల్లీమీటరు పలుకుకు దీటగును. కారు కాకరపువ్వొత్తివలె చిటపటలాడుచు కనబడును. అందుకే నమూనాల రంగులు చేయువారు రజనును మరింత మెత్తగా నూరిన రకమును వాడుదురు. కుదించుటకు వీలున్నచోట కుదించుట, లేనిచోట కంటిని ఒప్పించుట: ఈ రెండింటి మధ్యనే మా విద్య యావత్తును నడచుచున్నది.

ఇక కిటికీల చుట్టును నుండు క్రోము పట్టీలకు మైక్రానులలో కొలువదగిన పలుచని లోహపురేకును అంటించి, కత్తిమొనతో అంచు తీయుదురు. బానెట్టుమీది రెండు తెల్లని చారలు నీటిలో నానవేసిన కాగితమునుండి జారివచ్చు బొమ్మలు. వానిని మెత్తబరచు ద్రవము రెండు చుక్కలు వేసినచో ఒంపులలోనికి ఒదిగి, చేతితో దిద్దినవో యన్నట్లు కూర్చుండును. ఈ పనులు ఓర్పును కోరును గాని క్రొత్త శాస్త్రమును కోరవు.

పైమెరుగు వారము దినములు ఆరిన పిమ్మట, రెండువేల అంకె వాటర్ పేపరును సబ్బునీట ముంచి, బత్తాయిగుంటల శిఖరములను మాత్రమే తాకునట్లు రుద్దితిని. బాడీ అంతయు పాలిపోయి, చేసిన శ్రమయంతయు చెడినట్లు కానవచ్చిన ఆ దశ నాకు ఇప్పటికిని గుండె పట్టుకొనునదే. తరువాత మెత్తని గుడ్డతో, రబ్బింగు పసరుతో, చిన్న చిన్న సుడులుగా, ఒక్కొక్క తలుపునకు పావుగంట. గరుకుదనము కాంతి తరంగముకంటె సూక్ష్మమగువరకు అరిగినప్పుడు, చెదరిపోవుచున్న కాంతి ఒక్క దిక్కునకు మరలి, నీలము లోతునుండి పైకి లేచును.

ఆ రాత్రి నేనొక సంగతి గమనించితిని. బానెట్టు కుంభాకారపు అద్దము. అట్టి అద్దములో దూరపు వస్తువుల ప్రతిబింబము పరిమాణము దాని వంపు వ్యాసార్ధమును బట్టి యుండును. వ్యాసార్ధము ఇరవైనాలుగవ వంతైనప్పుడు ప్రతిబింబమును సరిగా ఇరవైనాలుగవ వంతగును. రంగు, గాలి, తేమ, రజను ఏదియు నా కొలతకు లొంగలేదు. నున్నబడిన మరుక్షణమే ప్రతిబింబము మాత్రము ఎవ్వరును కుదింపకయే తానై కుదించుకొనినది. కిటికీ తెరచి, గది దీపము ఆర్పితిని. తొమ్మిదిన్నరకు ఎల్బీనగరు వైపు పోవు మెట్రోరైలు వంతెనమీద నెమ్మదించుచు వచ్చెను. దాని వెలుగు కిటికీల వరుస యావత్తు, అసలు షెవెల్ ఒకటి ఆ వీధిలో నిలిచియున్నచో దాని బానెట్టుమీద ఎట్లు జారెడిదో అట్లే, ఆవగింజలంతటి దీపముల దండగా కుడి చక్రము పైనుండి తెల్లచారలను దాటి, రెండవ అంచున వంగి, దిగిపోయెను.